బండి దిగినా తిమ్మిరి వదలట్లేదు.. లోపం బండిదా, నరానిదా?

ప్రశ్న: మాది రావులపాలెం. వయసు 41. రొయ్యల మేత అమ్మే పని. వారానికి నాలుగు రోజులు బండి మీద హైవే ఎక్కి తాడేపల్లిగూడెం, ఏలూరు దాకా వెళ్లొస్తాను. స్పీడు 70 దాటితే హ్యాండిల్ బాగా వణుకుతుంది. తణుకు చేరేసరికి కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కిపోతున్నాయి. రెండు నెలలుగా రాత్రిళ్లు కూడా తిమ్మిరితో మెలకువ వస్తోంది, చెయ్యి విదిలిస్తే తగ్గుతోంది. బండి అమ్మేయమని మెకానిక్ అంటున్నాడు. మెడికల్ షాపులో నరాల బలానికని బిళ్లలు ఇచ్చారు. ఏం చేయమంటారు?

జవాబు: బండి వణుకు కంటే ఆ రాత్రి మెలకువ సంగతే ముఖ్యం. బండి మీద ఉన్నంతసేపూ తిమ్మిరెక్కి, దిగి టీ తాగేలోపు పోతే అది వణుకు వల్ల వచ్చిందే. మంచం మీద కూడా లేపుతోందంటే మణికట్టు దగ్గర నరం నొక్కుకుంటోందేమో చూడాలి. అక్కడ ఒక ఇరుకు దారిలోంచి వేళ్లు ముడిచే తొమ్మిది టెండన్లు (కండను ఎముకకు కలిపే తాళ్లు), వాటితోపాటు ఒక నరం వెళ్తాయి. దారి కాస్త వాచినా నలిగేది నరమే. దీన్నే కార్పల్ టన్నెల్ సమస్య అంటాం. మీరు చెప్పిన మూడు వేళ్లూ ఆ నరానివే. చిటికెనవేలు తిమ్మిరెక్కితే అది వేరే నరం, వేరే కథ.

షాపు బిళ్లలు ఆపి, ముందు షుగర్, థైరాయిడ్, విటమిన్ బీ12 పరీక్షలు చేయించండి. ఈ మూడింటిలో ఏది తేడాగా ఉన్నా చేతి నరాలకు ఇబ్బందే. తర్వాత న్యూరాలజిస్టుకు చూపించి, అవసరమంటే నరాల పరీక్ష (నెర్వ్ కండక్షన్) చేయించుకోండి. ఈలోగా రాత్రి పడుకునేటప్పుడు మణికట్టు వంగకుండా ఉంచే స్ప్లింట్ కట్టుకోండి. నెలా నెలన్నర ఓపిక పడితే చాలామందికి హాయిగా నిద్ర పడుతుంది. బొటనవేలి కింద కండ పల్చబడినా, చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయినా, చేతిలో గ్లాసు జారిపోతున్నా మాత్రం ఆగకండి, వెంటనే వెళ్లండి.

ఇక బండి. సింగిల్ సిలిండర్ ఇంజిన్ 4,000 ఆర్‌పీఎం (నిమిషానికి 4,000 చుట్లు) మీద తిరిగితే సెకనుకు దాదాపు 67 సార్లు అదురుతుంది. చెయ్యి ఎంత బిగిస్తే అంత అదురు లోపలికి వెళ్తుంది. మావాళ్లు చాలామంది హ్యాండిల్‌ని కొబ్బరికాయ పీచు వలిచినంత బలంగా పట్టుకుంటారు, గోదావరిపై ఉన్న సిద్ధాంతం ఊరి వంతెన మీద అతుకుల దగ్గరైతే మరీను! పట్టు వదులు చేయండి. కూర్చున్నప్పుడు మణికట్టు మోచేతితో ఒకే గీతలో ఉండేలా బ్రేక్, క్లచ్ లివర్లను కాస్త కిందికి తిప్పించండి. పది నిమిషాల పనే, కానీ నా పేషెంట్లలో ఎక్కువమందికి దీంతోనే తేడా తెలిసింది.

మెకానిక్ చేత ఇంజిన్ మౌంటింగ్ బోల్టులు, చైన్ లూజు, కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు), టైర్లలో గాలి, చక్రాల బ్యాలెన్సింగ్ చూపించండి. హ్యాండిల్ చివర బరువులు ఊడిపోయి ఉంటే పెట్టించండి. గ్రిప్పులు రాయిలా గట్టిపడి ఉంటే మార్చేయండి. మెత్తటి పల్చని గ్లౌజులు మంచివే, మరీ మందమైతే పట్టుకోవడానికి ఇంకా గట్టిగా బిగించాల్సి వస్తుంది. చాలా బండ్లకు ఏదో ఒక స్పీడు దగ్గరే వణుకు ఎక్కువ. 70 దగ్గర మొదలైతే 60లో వెళ్లండి, ఏలూరు ఎక్కడికీ పోదు. ముప్పావు గంటకోసారి ఆగి వేళ్లు ముడిచి తెరవండి.

మొదటి రెండు వారాలు వీలైతే బస్సులో వెళ్లి చూడండి. రాత్రి తిమ్మిరి తగ్గిందో లేదో డాక్టరుకు చెబితే ఆయన పని సులువవుతుంది. బండి అమ్మే సంగతి రిపోర్టులు వచ్చాక చూద్దాం.