చెంబెడు నీళ్లంటే ఎన్ని?

పర్లాకిమిడి

అమ్మడూ,

విశాఖపట్నంలో వచ్చిన ఉద్యోగం కాదనుకుని గుణుపురం అవతల కొండల్లో ఆసుపత్రికి వెళుతున్నావని నిన్న రాత్రి మీ నాన్న ఫోనులో చెప్పాడు. వాడికి కోపం, నాకు సంతోషం. తీరా ఫోను పెట్టేశాక నిద్ర పట్టనిది నాకే. ముప్పై నాలుగేళ్లు ఈ చుట్టుపక్కల వార్డుల్లోనే నర్సుగా తిరిగినదాన్ని, చెప్పకుండా ఊరుకోలేను.

నీకు వచ్చినవి మళ్లీ చెప్పను. పొటాషియం క్లోరైడు ఎప్పుడూ నేరుగా నరంలోకి నెట్టకూడదు, మూత్రం వస్తోందో లేదో చూడకుండా సెలైన్ సీసాలో కలపకూడదు. సెలైన్ ఎక్కించే గొట్టం మిల్లీలీటరుకు 20 చుక్కల సెట్టయితే 500 మి.లీ. నాలుగు గంటల్లో వెళ్లడానికి నిమిషానికి 42 చుక్కలు; కొన్ని సెట్లకు 15 ఉంటాయి, కవరు చూసుకో. రాత్రికి రాత్రి రోగి బరువు కిలో పెరిగితే అది తిన్న అన్నం కాదు, ఒంట్లో నిలిచిన లీటరు నీళ్లు. ఇవన్నీ నీ పుస్తకాల్లో ఉన్నాయి. చెంబు సంగతి లేదు.

1987 వానాకాలం. ఉద్యోగంలో చేరి ఏడాది. వాంతులు, విరేచనాలతో వచ్చినవాళ్లకు మంచాలు చాలక వరండాలో చాపలు పరిచాము. ఒక సవర గిరిజన తల్లి, రెండేళ్ల పిల్లవాడు. కళ్లు కాస్త లోపలికి పోయాయి కానీ తాగుతున్నాడు. ఓఆర్‌ఎస్ పొట్లం, అదే ఉప్పు, గ్లూకోజ్ కలిసిన పొడి, ఆమె చేతిలో పెట్టి, నా అరకొర ఒడియాలో "నీళ్లలో కలిపి పట్టు" అన్నాను. తల ఊపింది. తల ఊపితే అర్థమైనట్టే అనుకునే వయసు నాది. ఎన్ని మి.లీ. తాగాడో చార్టులో ఉజ్జాయింపుగా వేసేసి పక్క చాప దగ్గరికి పోయాను.

ఆమె దగ్గర ఉన్నది పావు లీటరు పట్టే సత్తు చెంబు. లీటరు నీళ్లలో కలపవలసిన పొట్లమంతా అందులో పోసింది. నాలుగింతల ఉప్పు! దాహంతో పిల్లవాడు ఏడ్చాడు. పాపం, ఆ తల్లి మందునీళ్లే మళ్లీ పట్టింది. ఇంకా ఏడ్చాడు, ఇంకో చెంబు కలిపింది. వరండా ఈ చివరికి ఆ ఏడుపు వినిపిస్తూనే ఉంది, సన్నగా, సూదిలా. ఏడ్చే బలం ఉంది కదా అనుకున్నాను. అర్ధరాత్రి దాటాక ఆగిపోయింది. నిద్రపోయాడనుకున్నాను. తెల్లవారుజామున ఫిట్స్ వచ్చాయి.

డాక్టరుగారు చెంబును చూశారు, చిరిగిన పొట్లాలను చూశారు, తర్వాత నన్ను చూశారు. తిట్టినా బాగుండేది. రక్తంలో సోడియం, అంటే ఉప్పు, ఎంతుందో పరీక్ష చేసే వసతి అప్పుడు మాకు లేదు. ఆ చెంబే రిపోర్టు. ఎక్కిన ఉప్పును ఒక్కసారిగా దించితే మెదడు వాస్తుందని రెండు రోజులు సాగదీసి, గంట గంటకూ చూసుకుంటూ దించారు. ఆ రెండు రోజులూ నేను ఇంటికి వెళ్లలేదు. పిల్లవాడు దక్కాడు. వెళుతూ వెళుతూ ఆమె ఆకులో చుట్టిన పనస తొనలు నా చేతిలో పెట్టింది. తప్పు నాదని ఆమెకు తెలియదు. నేనూ చెప్పలేదు. ఇంతవరకు మీ నాన్నకు కూడా చెప్పలేదు.

ఇప్పటి పొట్లాల్లో ఉప్పు తగ్గించారు, లీటరుకు సోడియం 90 నుంచి 75 మిల్లీమోళ్లకు. అయినా చెంబు చిన్నదైతే అదే ప్రమాదం. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు బెంగాల్‌లోని బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా రోగులకు సెలైన్ సీసాలు అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ నీళ్లతో ఎందరినో బతికించిన సంగతి మీకూ పాఠంగా చెప్పే ఉంటారు. అక్కడ పట్టించింది చుట్టాలే, కానీ కొలిచి డ్రమ్ముల్లో కలిపింది ఆయన మనుషులు. నువ్వూ తల్లి తెచ్చిన గిన్నెనే ముందు పెట్టించి, లీటరు ఎంతవరకు వస్తుందో చూపించి, నీ ఎదుటే ఆమె చేత కలిపించు. ఒక రోజు దాటితే పారబోయించు. తల్లిపాలు ఆపనివ్వకు.

"గ్లూకోజ్ ఎక్కించండి" అని మీద పడతారు. తాగగలిగినవాడికి సూది ఎందుకని గట్టిగా అడుగు, కసురుకోకు. నీకు కసురుడు నా నుంచే వచ్చింది, అందుకే చెబుతున్నాను. అంబలి తాగామంటే ముఖం చిట్లించకు. మన తరవాణిని, అదే పులిసిన అన్నం నీళ్లని, ఒడియావాళ్లు తొరాణి అంటారు, పేరూ పులుపూ ఒకటే. ఎవరు ఏది తాగినా కొలిచి చార్టులో రాయి. కొలవకపోతే గడి ఖాళీగా వదిలెయ్యి, నాలా అంకె వెయ్యకు.

నువ్వు కూడా నీళ్లు తాగు. బాత్రూము దూరమని డ్యూటీ అంతా గొంతు తడపకుండా ఉండి మా ఈడువాళ్లం చాలామందిమి కిడ్నీలో రాళ్లు తెచ్చుకున్నాము.

ఆదివారం మీ నాన్న వస్తే లీటరు పట్టే స్టీలు చెంబు ఇచ్చి పంపుతాను. లోపలి గీత నేనే మేకుతో గీశాను, వంకరగా ఉంటుంది, కొలత మాత్రం సరిగ్గానే ఉంది. చేరగానే ఫోను చెయ్యి. వార్డు సంగతి తర్వాత, అన్నం తిన్నావో లేదో ముందు చెప్పు.

నీ మేనత్త