పశ్చిమాసియా పాఠం చెప్పబోయే పాపకు

తిరుపతి

పాపా,

బళ్ళో చేరీ చేరగానే నీకు పశ్చిమాసియా పాఠం తగిలిందని మీ నాయన ఫోన్లో చెప్పినాడు. ముప్పై ఏండ్లు ఈ జిల్లా బళ్ళలో అదే పాఠం చెప్పినోడిని, నువ్వు అడక్కపోయినా రాస్తావుండా.

దేశాలూ రాజధానులూ బట్టీ పెట్టించొద్దు. అది పరీక్ష ముందురోజు రాత్రి పిల్లకాయలే చేసుకుంటారు. ముందు బోర్డు మీద నీళ్ళు గియ్యి. టర్కీ కొండల్లో పుట్టిన టైగ్రిస్, యూఫ్రటీస్ ఇరాక్ దిగువన కలిసి, షత్ అల్ అరబ్ పేరుతో గల్ఫులో పడతాయి. అదే సౌదీకి, కువైట్‌కి ఏడాది పొడుగునా పారే యేరు ఒక్కటీ లేదు. "మరి తాగేదేంది సార్?" అని ఎవడో ఒకడు అడిగేదాకా నోరు మెదపొద్దు. ఎండాకాలం ఎండిపోయిన స్వర్ణముఖి యేటిని చూసిన పిల్లకాయలు, అడక్కుండా ఉండరు. సముద్రపు నీళ్ళలో ఉప్పు తీసే ఫ్యాక్టరీలు, వాటికి కావాల్సిన ఇంధనం, ఆ ఇంధనం దొరికిన కథ, ఒకదాని తోక పట్టుకొని ఒకటి వస్తాయి.

చమురు 1932లో బహ్రెయిన్‌లో, 1938లో కువైట్, సౌదీల్లో పడింది. అంతకుముందు ఆ తీరం బతికింది ముత్యాల మీద. జపానోళ్ళు ముత్యాల్ని పెంచి అమ్మడం మొదలుపెట్టేసరికి ఆ బేరం కూలిపోయింది. ఇంకోటి, 1961 దాకా కువైట్ బజార్లో చెల్లింది మన రూపాయే. ఇది చెప్తే వెనక బెంచీ కూడా నిద్ర లేస్తుంది.

ఓడల దార్లు చెప్పాలంటే మన తోతాపురి మామిడి గుజ్జు డబ్బా చాలు. సౌదీ తూర్పు తీరాన ఉండే దమ్మాం పోయే డబ్బా గల్ఫు మూతికాడ హోర్ముజ్ జలసంధి దాటాల, పడమటి తీరాన ఉండే జెడ్డా పోయేది ఎర్రసముద్రం మూతికాడ బాబ్ ఎల్ మాందెబ్ జలసంధి దాటాల. హోర్ముజ్ ఇరుకైన చోట వెడల్పు, అటూ ఇటుగా తిరుపతికీ కాళహస్తికీ ఉన్నంత దూరమే. పిల్లకాయల్ని మ్యాపు మీద వేలు పెట్టి నడిపించమను.

నా తప్పు కూడా చెప్తా. అరేబియా అంటే ఇసకే అని ఏండ్ల తరబడి చెప్పినా. ఒక ఏడు తొమ్మిదో తరగతి పిల్లోడు, మాట్లాడకుండా ఒక ఫొటో తెచ్చి నా టేబుల్ మీద పెట్టినాడు. పచ్చటి కొండ, మబ్బు, గడ్డి మేసే ఒంటెలు, గొడుగు కింద వాళ్ళ నాయన. ఒమన్‌లో సలాలా అంట. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి ఆ కొండలకు తగిలి సన్నటి తుంపర పడతానే ఉంటుంది. అక్కడోళ్ళు ఆ కాలాన్ని ఖరీఫ్ అంటారు. మన రైతు నోట్లో నలిగే మాటే, అరబీ నుంచి వచ్చింది. నాకు తెలీదని ఆ పూట క్లాసులోనే ఒప్పుకున్నా.

ఖతర్‌లో, ఎమిరేట్స్‌లో పదిమందికి దాదాపు తొమ్మిది మంది బయటోళ్ళే. మన పక్కోళ్ళూ అందులో ఉండారు. అట్లని "మీ ఇంట్లో గల్ఫుకు ఎవరు పోయినారు, చేతులెత్తండి" అని మాత్రం అనొద్దు. ఏజెంటు అప్పు తీరని ఇల్లుంటుంది, ఫోను రాని ఇల్లుంటుంది. చెప్పాలనుకున్నోడు ఆ పిల్లోడి మాదిరి వాడే వస్తాడు.

నా అట్లాసు అట్ట ఊడింది గానీ లోపల బాగుంది. ఆదివారం వచ్చి తీసుకుపో. ఒమన్ పేజీలో ఆ ఫొటో ఉంది, వాడు వెనక్కి తీసుకోలేదు. దాన్ని మాత్రం నాకు తిరిగి తెచ్చియ్యి.

మీ పెద్దనాయన