చేత్తో తాకితే చల్లగానే ఉంది

చిట్టితల్లీ,

ఆగస్టంటే ఆస్ట్రేలియాలో చలికాలం, ఆ మంచులో బోగాంగ్ కొండ మైదానాల మీద ఫాల్స్ క్రీక్ ఊరి నుంచి వాలెస్ గుడిసె దాకా, అదే పశువుల కాపరుల పాత గుడిసె దాకా నడుస్తావటగా. మీ నాన్న వచ్చి చెప్పాడు. తెనాలి ఎండల్లో పెరిగిన పిల్లవి, విని పొంగిపోయాను. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

గుడారం మోసుకెళ్ళు, ఆ గుడిసె ఆపదలో తలదాచుకోవడానికే. పొగమంచు కమ్మితే దారి గుంజల నంబర్లు చూసుకుంటూ నడువు. తర్వాతి గుంజ కనపడకపోతే కదలకు.

నిప్పు సంగతి మాత్రం రెండుసార్లు చదువు. మెల్‌బోర్న్ వెళ్ళిన కొత్తలో ఓ మార్చి నెల, అదే బోగాంగ్ మైదానాల్లో మరో గుడిసెలో పడుకున్నాం. పొద్దున్నే శుభ్రం చేద్దామని పొయ్యిలో బూడిదెత్తి వెనక గోడవార పోశాను. చేత్తో తాకితే చల్లగానే ఉంది. గాలి లేచింది. సంచులు సర్దుకునేలోపే అడుగు దుంగలోంచి పొగ! అటుగా వచ్చిన ఓ పెద్దాయన మా తాగేనీళ్ళన్నీ పోసి, మాడిన చెక్కని కత్తితో గీకి, తడిమి తడిమి చూశాడు. తిట్టలేదు. వాళ్ళ నాన్న డిసెంబరులో గొడ్లను ఆ కొండకి తోలి, మంచు పడేలోపు దింపేవాడట. 1889లో వాలెస్ అన్నదమ్ములు ముగ్గురూ స్నో గమ్ చెట్ల మొద్దులు చీల్చి గోడలు నిలిపి, వూలీబట్ చెట్ల చెక్కపెంకులు కప్పిన సంగతి ఆయనే చెప్పాడు. నేను తలెత్తలేకపోయాను. మా నాయనమ్మ చెంబెడు నీళ్ళు చల్లందే పొయ్యి బూడిదని పెంటదిబ్బ మీద పోయనిచ్చేది కాదు. నివురుగప్పిన నిప్పు అనే మాట నోటికొచ్చు గానీ చేతికి రాలేదు నాకు.

2003లో పిడుగులు రేపిన కార్చిచ్చులో అక్కడ చాలా గుడిసెలు పోయాయి. నేను బూడిద పోసిందీ పోయింది. నా వల్ల కాదు, అయినా తెలిసిన రోజు అన్నం సయించలేదు. 2005లో ప్రభుత్వం ఆ కొండల్లోని జాతీయ పార్కులో గొడ్లు మేపడం మాన్పించింది. ఇంక మేపేవాళ్ళే లేరు, కొత్తగా కట్టేదెవరు? అందరూ ఫొటోలు దిగే క్రెయిగ్ గుడిసె కూడా మొదట 1981లో సినిమాకి వేసిన సెట్టే, అదీ 2006 కార్చిచ్చులో కాలిపోతే మళ్ళీ కట్టారు. వాలెస్ వాళ్ళది మిగిలింది తల్లీ. అందులో అగ్గిపుల్ల గీయకు. చలేస్తే నిద్రసంచీలో దూరు.

దిగాక ఫోన్ చెయ్యి. అక్కడ పొద్దుగూకే వేళకి మాకిక్కడ మధ్యాహ్నం భోజనాలు. నువ్వు మాట్లాడాకే తింటాను.

మీ పెదనాన్న