దగ్గరి సర్వర్ ఏదో పటం చెప్పదు

ప్రశ్న: మా కళాశాల తరఫున పాత కంప్యూటర్లలో నడిచే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను తెలుగు అమరికలతో కూర్చి ఉచితంగా ఇస్తున్నాం. ఫైలు 2 గిగాబైట్లు. ముంబై, సింగపూర్, జర్మనీ సర్వర్లలో ప్రతులు ఉన్నాయి. అందరూ పట్టికలో మొదట ఉన్న జర్మనీ లంకెనే నొక్కి, సగంలో ఆగిపోయిందని మాకు ఫోన్లు చేస్తున్నారు. ఐపీ చిరునామాను (ఇంటర్నెట్‌లో ఒక్కో కనెక్షన్‌కు ఉండే నంబరును) బట్టి మేమే దగ్గరి సర్వర్‌కు పంపేస్తే సరిపోతుందా?
– ఒక అధ్యాపకుడు, రాజోలు

జవాబు: సరిపోదండీ. సూచించండి, అంతేగాని చెప్పకుండా పంపేయకండి.

నేను సఖినేటిపల్లిలో పెరిగాను. మా రేవులో నిలబడితే గోదావరి పాయ వశిష్ఠకు అవతల నరసాపురం కనిపిస్తుంది. రేవు దాటించే పంటు నడిచే రోజుల్లో అది పక్క ఊరే. వరదకు పంటు ఆపేస్తే మాత్రం చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్లాలి. ఇంటర్నెట్‌లో కూడా దూరాన్ని నిర్ణయించేది దారే. సందర్శకుడి నెట్‌వర్కు, మీ సర్వర్ ఉన్న నెట్‌వర్కు ముంబైలోనో చెన్నైలోనో కలిస్తే మంచిదే. కలవకపోతే ముంబైలోని ఫైలు కూడా సింగపూర్ చుట్టి రావచ్చు. పైగా ఏ ఐపీ చిరునామా ఏ చోటిదో చెప్పే పట్టికలు దేశాన్ని సాధారణంగా సరిగానే చెబుతాయి గాని ఊరి దగ్గర తరచూ పొరబడతాయి. మా ఇంటి కనెక్షన్‌ను ఒక సైటు హైదరాబాదు అంటుంది, ఇంకొకటి చెన్నై అంటుంది. రాజోలు అన్నది ఇంతవరకు ఒక్కటీ లేదు.

గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కదా, జర్మనీ అయితే ఏమిటి అని మీ విద్యార్థులు అడగవచ్చు. సర్వర్ కొంత పంపి, అది అందినట్టు కబురు వస్తేనే ఇంకొంత పంపుతుంది. దారిలో ఒక తునక పోతే వేగం తగ్గించుకుంటుంది. కబురు దూరం నుంచి రావలసి ఉంటే మళ్లీ పుంజుకోవడానికి అంత ఆలస్యం. మీకు వస్తున్న ఫోన్లకు చాలావరకు కారణం ఇదే కావచ్చు.

కాబట్టి పేజీలో ఒకే పెద్ద బొత్తం పెట్టి, దాని మీద ‘ముంబై నుంచి దించుకోండి’ అని రాయండి. దాని కిందే, చిన్న ఫోనులో కూడా కనిపించేంత అక్షరాలతో, ‘నెమ్మదిగా ఉందా? వేరే చోటు ఎంచుకోండి’ అని ఉండాలి. పట్టికలో ‘సర్వర్ 1’, ‘సర్వర్ 2’ అంటే ఎవరికీ ఏమీ తెలియదు. ఊరి పేరు, దేశం పేరు రాయండి. జర్మనీని తీసేయకండి. మీ ఊరి నుంచి కువైట్, మస్కట్ వెళ్లినవారు ఎంతమందో మీకు నేను చెప్పాలా? వారికి ఏది వేగంగా వస్తుందో వారే చూసుకుంటారు. ఒకసారి ఎంచుకున్నదాన్ని బ్రౌజర్ గుర్తుంచుకునేలా చేస్తే చాలు.

ఆగినచోటు నుంచి కొనసాగించే వీలు మూడు సర్వర్లలోనూ ఉందో లేదో ఈ వారమే పరీక్షించండి. రోజుకు 1.5 గిగాబైట్ల డేటా వేయించుకునే పిల్లవాడు మొదటి నుంచి మళ్లీ దించుకోలేడు.

ప్రతి సర్వర్‌లో చివరిసారి ఎప్పుడు తాజా అయిందో తెలిపే చిన్న ఫైలు ఉంచండి. డెబియన్ అనే లినక్స్ ప్రతులు ఉంచే సర్వర్లలో (మిర్రర్లలో) ఈ పద్ధతి ఉంది. వెనకబడిన సర్వర్‌ను మీ పేజీ తనంతట తానే పట్టిక నుంచి తప్పించాలి. ఇక ఫైలు అసలైనదేనని సరిచూసుకునే 64 అక్షరాల ఎస్‌హెచ్‌ఏ-256 సంకేతాన్ని ఆ సర్వర్లలో కాదు, మీ కళాశాల సొంత సైటులో, ఆ బొత్తం పక్కనే పెట్టండి.