దీపం ఆరినప్పుడల్లా అప్పేనా?

ప్రశ్న: మాది తిరుపతి. నాకు 42 ఏళ్లు. పెళ్లిళ్లకు ఫొటోలు, వీడియోలు తీస్తాను. సహాయకులకు, ఆల్బమ్‌లకు పోగా సగటున నెలకు 38,000 మిగులుతుంది. నా భార్యకు ప్రైవేటు పాఠశాలలో 14,000 జీతం. ఇద్దరు పిల్లలు. అద్దె, ఫీజులతో కలిపి ఇంటి ఖర్చు 36,000. నెలకు 8,000 సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టుబడి), 5,000 చీటీ కడుతున్నాను. రెండేళ్ల సిప్ విలువ ఇప్పుడు 2.10 లక్షలు. లక్ష రూపాయల చీటీలో 14 నెలలు అయ్యాయి, ఇంకా ఆరు ఉన్నాయి. బ్యాంకు ఖాతాలో 4,300 ఉంది. కుటుంబానికి 5 లక్షల ఆరోగ్య బీమా ఉంది.

2012 నాటి డీజిల్ ఎస్‌యూవీని 2019లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఏడు నెలలుగా హెడ్‌లైట్లు ఉన్నట్టుండి ఆరిపోయి, కాసేపటికి వాటంతటవే వెలుగుతున్నాయి. ఒక్కోసారి మీటరు లైట్లు కూడా మసకబారుతున్నాయి. బల్బులకు 1,400, బ్యాటరీకి 6,800, డైనమోకు 7,500, స్టీరింగ్ కింది స్విచ్‌కు 2,800 పెట్టాను. వరుసగా పెళ్లి పనులు ఉండటంతో బండిని షెడ్డులో వదల్లేకపోయాను. గత నెల భాకరాపేట ఘాట్‌లో అర్ధరాత్రి రెండు లైట్లూ ఒకేసారి ఆరిపోయాయి. ఇప్పుడు ఒక వర్క్‌షాపువారు వైరింగ్ మొత్తం మార్చాలి, 38,000 అవుతుందంటున్నారు. యాప్‌లో 50,000 అప్పు మంజూరై ఉంది. ఇదివరకు డైనమో కోసం అదే యాప్‌లో 10,000 తీసుకుంటే చేతికి 9,100 వచ్చింది. ఇంకా 7,600 కట్టాలి. బ్యాటరీ కొన్న క్రెడిట్ కార్డులో 6,400 బాకీ ఉంది. మళ్లీ అప్పు చేసి బాగుచేయించాలా? లేక నా భార్య నగలు కుదువపెట్టి డౌన్ పేమెంట్ కట్టి, 9 లక్షల రుణంతో కొత్త బండి కొనాలా?

జవాబు: డబ్బు సంగతికి ముందు ఒక మాట. ఆ బండి బాగయ్యేదాకా రాత్రిపూట ఘాట్ ఎక్కించకండి. 2022 మార్చిలో నిశ్చితార్థానికి వెళ్తున్న బస్సు రాత్రివేళ లోయలో పడింది ఆ భాకరాపేట దారిలోనే. ఆ మలుపులు మీకు చెప్పనక్కర్లేదు. మదనపల్లెలోనో పీలేరులోనో పని ఒప్పుకుని ఉంటే అద్దె కారులో వెళ్లండి, ఆ ఖర్చు ఎంతైనా సరే.

ఇక అసలు విషయం. మీ ఉత్తరంలో నా చూపు 38,000 దగ్గర ఆగలేదు, 4,300 దగ్గర ఆగింది. నెలకు 13,000 దాచే మనిషి ఖాతాలో 4,300! ఈ మధ్య నాకు వస్తున్న ఉత్తరాల్లో ఈ వరస తరచుగా కనిపిస్తోంది కాబట్టే మీకు ఇంత పొడుగ్గా రాస్తున్నాను. సిప్ తప్పదు, చీటీ తప్పదు, కానీ ఏడువేల రిపేరు వస్తే యాప్ తెరుస్తారు. ఏటా పన్నెండో పదమూడో శాతం పెరుగుతుందని ఆశించే పొదుపును ముట్టుకోకుండా, ముప్పై నలభై శాతం వడ్డీకి అప్పు తెస్తారు. దీన్ని క్రమశిక్షణ అనుకుంటారు కూడా.

మిమ్మల్ని ఒకటి అడుగుతాను. రెండో కెమెరా, అదనపు బ్యాటరీలు, ఖాళీ మెమరీ కార్డు లేకుండా ముహూర్తానికి ఎప్పుడైనా వెళ్లారా? జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో కెమెరా మొరాయిస్తే పురోహితుడు ఆగడని మీకు తెలుసు. వృత్తిలో ఇంత జాగ్రత్త ఉన్నవారు ఇంటి ఖర్చుల దగ్గరికి వచ్చేసరికి ఒక్క బ్యాటరీతో బయలుదేరారు. అదీ నిలకడ లేని సంపాదనతో. ఆషాఢంలో, పుష్యంలో, మూఢాల్లో మీ సంచి అటక మీదే ఉంటుంది. నెల జీతగాడికి మూడు నెలల ఖర్చు చేతిలో ఉంటే నేను ఊరుకుంటానేమో గానీ, మీకు ఆరు నెలలకు తక్కువైతే ఒప్పుకోను. అంటే 36,000 చొప్పున 2.16 లక్షలు.

చేతిలో డబ్బు లేకపోవడం వల్ల మీకు జరిగిన నష్టం వడ్డీతో ఆగలేదు. మీ బండి రోగం కూడా అందుకే దొరకలేదు. నా బండిని ఏళ్లుగా చూస్తున్న ఆటో ఎలక్ట్రీషియన్‌కు మీ ఉత్తరం చదివి వినిపించాను. ఆయన మొదట అడిగిన ప్రశ్న: ఇన్నిసార్లలో ఒక్కరైనా మల్టీమీటరు (వోల్టేజి కొలిచే పరికరం) పెట్టి చూశారా? బల్బు పోతే ఒకవైపు దీపమే ఆరుతుంది. రెండూ ఒకే క్షణంలో ఆరి మళ్లీ వెలిగాయంటే లోపం రెండింటికీ కరెంటు వెళ్లే ఉమ్మడి దారిలో ఉన్నట్టు. అంటే రిలే (స్విచ్ వేయగానే లైట్లకు కరెంటు కలిపే చిన్న పెట్టె), ఫ్యూజుల పెట్టె, కప్లర్ (వైర్లను కలిపే ప్లాస్టిక్ తొడుగు), స్విచ్, లేదా బాడీకి బిగించిన ఎర్త్ వైరు. వీటిలో మీరు మార్చింది స్విచ్ ఒక్కటే. మీటరు లైట్లు కూడా మసకబారుతున్నాయి కాబట్టి ఆయన అనుమానం ముందు తుప్పు పట్టిన ఎర్త్ మీదికి, వదులైన బ్యాటరీ టెర్మినల్ మీదికి పోయింది. రెండూ విప్పి, గీకి, బిగిస్తే పోయేవి.

ఆయన రెండో ప్రశ్న: పాత యజమాని ఎక్కువ వాట్ల బల్బులు వేయించాడా? మామూలు హెడ్‌లైట్ బల్బు 60/55 వాట్లది. డిమ్‌లో రెండు బల్బులూ కలిసి తొమ్మిది ఆంపియర్ల దాకా లాగుతాయి. వెలుతురు చాలదని 100/90 బల్బులు పెడితే అది పదిహేనుకు చేరుతుంది. వైర్లు మాత్రం పాతవే. ఆ వేడికి కప్లర్ ప్లాస్టిక్ కరిగి లోపలి పిన్ను వదులవుతుంది. వేడెక్కినప్పుడు, గుంతలో కుదిపినప్పుడు తెగుతుంది. చల్లబడ్డాక మళ్లీ అంటుకుంటుంది. వాటంతటవే వెలుగుతున్నాయని మీరు రాసింది దీనికి సరిపోతుంది. షెడ్డు ముందు బండి ఆపేసరికి అన్నీ వెలుగుతూనే ఉంటాయి కాబట్టి మెకానిక్‌కు ఏమీ కనబడదు. చేతికి తగిలిన భాగం మారుస్తాడు.

ఇలాంటి లోపాన్ని పట్టుకోవడానికి కావలసింది కొత్త సామాను కన్నా ఓపిక. ఇంజను ఆన్‌లో ఉంచి, లైట్లు వేసి, బ్యాటరీ దగ్గర వోల్టేజి చూడాలి. 14కు అటూ ఇటూ ఉండాలి. తర్వాత బల్బు హోల్డరు దగ్గర చూడాలి. అక్కడ 11 చూపిస్తే మూడు వోల్టులు దారిలో ఎక్కడో పోతున్నట్టు. ఆ దారి పొడుగునా మీటరు ముళ్లు గుచ్చుకుంటూ, వైర్లు కదుపుతూ వెళ్తే చోటు బయటపడుతుంది. దీనికి బండి ఒకటి రెండు రోజులు షెడ్డులో ఉండాలి. ఆ రెండు రోజుల అద్దె కారుకు మీ దగ్గర డబ్బు లేదు. అందుకని ప్రతిసారీ ఈ రాత్రికి వెలిగితే చాలన్నారు. నాలుగు రాత్రులకు 18,500 ఖర్చయింది, లోపం ఉన్నచోటే ఉంది. మీ ఖాతాలో అప్పుడే ఒక ముప్పై వేలు ఉండి ఉంటే మొదటి నెలలోనే బండిని షెడ్డులో వదిలేసి వచ్చేవారు. అత్యవసర నిధి అంటే ఆసుపత్రికి మాత్రమే అనుకుంటారు చాలామంది. తొందరపడకుండా ఉండే వెసులుబాటు కూడా దాని లోంచే వస్తుంది.

ఒక హెచ్చరిక కూడా చేశాడాయన: ఫ్యూజు మాటిమాటికీ పోతోందని ఎవరైనా పెద్ద ఫ్యూజు వేస్తామంటే ఒప్పుకోవద్దు, వైరు కాలుతుంది. నాకు వెంటనే మీ యాప్ గుర్తుకొచ్చింది. పదివేల అప్పు ఇంకా తీరలేదు, ఈసారి పరిమితి యాభై వేలు చేశారు. పెద్ద ఫ్యూజంటే ఇదే.

ఆ యాభై వేల లెక్క చూడండి. ఏడాదికి 30 శాతం వడ్డీ, 12 కిస్తీలు అనుకుంటే నెలకు దాదాపు 4,875. ముందుగా నాలుగువేలు కోసుకుంటే మీ చేతికి వచ్చేది 46,000, కట్టేది 58,500. మీ ఇంట్లో అన్నీ పోగా నెలకు మిగిలేది మూడువేలు. కిస్తీకి ఆషాఢం తెలియదు, మూఢం తెలియదు. అప్పుడు దాన్ని కట్టడానికి మరో యాప్ తెరుస్తారు. మంజూరై ఉందని రాశారు, ఏదో బహుమతి వచ్చినట్టు! ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం అప్పు ఇచ్చే ముందు మొత్తం వార్షిక భారం ఎంతో చూపే పత్రం మీకు ఇవ్వాలి. పాత పదివేల అప్పుకు సంబంధించిన ఆ పత్రాన్ని ఫోనులో వెతికి ఒక్కసారి చదవండి. చదివాక ఆ యాప్‌ను ఉంచుకోవాలో వద్దో మీరే తేల్చుకుంటారు.

కొత్త బండి మాట ఇంకా దూరం. 9 లక్షలు, 9.5 శాతం, ఏడేళ్లు అంటే నెలకు సుమారు 14,700 కిస్తీ; మీ భార్య జీతం మొత్తం పోయినా ఇంకా ఏడువందలు తక్కువ. దాని మీద నగల వడ్డీ. ఒక కప్లర్ కోసం ఇంత చేయడాన్నే గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడం అంటారు. వైరింగ్ మొత్తం మార్చక తప్పకపోయినా ఆ 38,000 మూడు కిస్తీలకు చాలదు. మీ బండికి 2027లో పదిహేనేళ్లు నిండుతాయి. రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలంటే అప్పుడు ఫిట్‌నెస్ పరీక్ష తప్పదు, లైట్లు కూడా చూస్తారు. అమ్మాలా, ఉంచాలా అన్నది ఆ ముందు నెలల్లో, చేతిలో డబ్బుతో నింపాదిగా ఆలోచించండి. ఇప్పుడు అమ్మితే లైట్లు వెలగని బండికి ఎవరూ సరైన ధర ఇవ్వరు.

చేయవలసింది చెబుతాను. సిప్‌లో ఏడాది దాటిన యూనిట్ల నుంచి 80,000 తీయండి. షేర్లలో పెట్టే ఈక్విటీ ఫండ్లలో దీర్ఘకాలిక లాభం ఏడాదికి 1.25 లక్షలు దాటేదాకా పన్ను లేదు, మీ లాభం దాని దరిదాపుల్లో కూడా ఉండదు. సిప్‌ను మధ్యలో కోయమని చెప్పడం నాకు ఇష్టమైన పని కాదు. కానీ మీరు కట్టే వడ్డీ ముందు ఆ ఇష్టాయిష్టాలకు విలువ లేదు. అందులో 14,000తో యాప్, కార్డు బాకీలు రెండూ ఒకే రోజు మూసేయండి. యాప్ రుణం ముగిసినట్టు పత్రం తీసుకున్నాకే దాన్ని ఫోనులోంచి తొలగించండి. బండికి, అద్దె కారుకు కలిపి 26,000 పక్కన పెట్టండి. మీటరుతో పని తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లండి. వైరింగ్ మొత్తం మార్చాల్సిందేనని ఆయన కూడా అంటే కాలిన చోటు చూపించమనండి. మిగిలిన 40,000 మీ నిధికి మొదటి ఇటుక.

సిప్‌ను పది నెలలు ఆపి, ఆ 8,000 అదే నిధిలో వేయండి. 1.20 లక్షలు అవుతుంది. చీటీ పాడకండి, మధ్యలో పాడితే తగ్గించి పాడిన మేరకు నష్టపోతారు. ఆరు నెలల తర్వాత వచ్చే లక్షను నేరుగా నిధిలో కలపండి. దాన్ని చూసి కొత్త లెన్సు మీద మనసు పడుతుందని తెలుసు, అయినా కలపండి. పది నెలల్లో 2.16 లక్షలు దాటుతారు. నాలుగో వంతు పొదుపు ఖాతాలో, మిగతాది ఆటో స్వీప్ డిపాజిట్‌లోనో (ఖాతాలోని మిగులు దానంతటదే డిపాజిట్‌గా మారేది) లిక్విడ్ ఫండ్‌లోనో (అవసరమైతే త్వరగా తీసుకోగల మ్యూచువల్ ఫండ్) ఉంచండి. ఎక్కడ అరశాతం ఎక్కువ వస్తుందని మాత్రం వెతకవద్దు. చీటీ ముగిశాక మిగిలే ఐదువేలలో 2,500 బండి పేరు మీద వేరుగా దాచండి. పద్నాలుగేళ్ల బండికి టైర్లో, క్లచ్చో, వైరింగో ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. ఏటా వచ్చేదాన్ని అనుకోని ఖర్చు అనకండి.

నగలు పెట్టెలోనే ఉండనివ్వండి. వైరింగ్ ఖర్చు అంచనా దాటి, రెండు మూడు నెలలకు పదో పదిహేనో వేలు తక్కువ పడితే బ్యాంకులో బంగారు రుణం యాప్ కన్నా ఎన్నో రెట్లు నయం. అంతకు మించి దాని గురించి చెప్పను.

బీమా విషయం మీరు రాయలేదు. పాత బండి కాబట్టి, ఎదుటివారికి జరిగే నష్టానికి మాత్రమే వర్తించే థర్డ్ పార్టీ పాలసీతో సరిపెట్టుకుని ఉంటారని నా ఊహ. వైరింగ్ లోపానికి, సొంత బండి నష్టాన్ని కూడా చూసే ప్యాకేజీ పాలసీ సైతం పైసా ఇవ్వదు. అరుగుదల, ఎలక్ట్రికల్ లోపాలు మినహాయింపుల్లో ఉంటాయి. కానీ ఆ ఘాట్‌లో బండి లోయలోకి జారి ఉంటే వెనక సీట్లో ఉన్న మీ సహాయకుల సంగతి ఏమయ్యేది? కేవలం థర్డ్ పార్టీ పాలసీ వారికి పరిహారం ఇస్తుందని నమ్ముకోవద్దు. ఈసారి రెన్యువల్‌కు ప్యాకేజీ పాలసీ ధర కనుక్కోండి. బండి యజమాని స్వయంగా నడిపితే వర్తించే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా మీ పాలసీలో ఉందో లేదో చూడండి; కొన్ని వందల రూపాయల ప్రీమియం మిగులుతుందని ఏజెంట్లు దాన్ని తీసేయడం నేను చూశాను. కెమెరాలకు వేరే పాలసీ కావాలి, కారు బీమా వాటిని పట్టించుకోదు.

ఈ వారంలోనే బండిని షెడ్డులో వదలండి. తీసేసిన రిలే, కప్లర్ పారేయనివ్వకుండా అడిగి తెచ్చుకోండి. వాటితో పాటు మీ పాలసీ కాగితం రెండు వైపులా ఫొటో తీసి పంపండి, ప్రమాద బీమా ఉందో లేదో నేను చూసి చెబుతాను.