డాక్టర్ సలహా: స్కూల్లో షుగర్ పడిపోయిన పిల్లకు ముందు గ్లూకోజ్, ఇంటికి ఫోన్ ఆ తర్వాతే

ప్రశ్న: మా పాపకు 12 ఏళ్లు, ఏడో తరగతి. ఏడాది కిందట వాంతులతో ఆస్పత్రిలో చేర్చితే టైప్‌-1 షుగర్ అన్నారు. మూడు పూటలా భోజనానికి ముందు, మళ్లీ రాత్రి పడుకునే ముందు, మొత్తం నాలుగు ఇన్సులిన్ సూదులు రాశారు. స్కూలుకు సూదులు తేవద్దన్నారని జూన్ నుంచి మధ్యాహ్నం సూది ఆపేసి, ఉదయం డోసు కొంచెం పెంచి వేస్తున్నాం. ఆడపిల్ల కదా అని హెడ్‌మాస్టర్‌కు తప్ప స్కూల్లో ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం ఇంటికి వచ్చాక చూస్తే 300 దాటుతోంది. మధ్యాహ్న భోజనంతో ఇచ్చే చిక్కీ తినవచ్చా? పెద్దయ్యాక మాత్రలకు మార్చవచ్చా? బంధువులు ఒక ఆకు పొడి చెబుతున్నారు, వాడమంటారా? పోయిన నెల డ్రిల్ పీరియడ్‌లో కళ్లు తిరిగి పడిపోతే వడదెబ్బ అనుకుని పడుకోబెట్టారు. మేం వెళ్లేసరికి ముప్పావు గంట పట్టింది.
– ఒక తల్లి, పల్నాడు జిల్లా

జవాబు: అమ్మా, చిక్కీ సంగతి తర్వాత చూద్దాం. మీరు మాటవరసకు రాసిన చివరి రెండు వాక్యాలే నన్ను కంగారు పెట్టాయి.

పాప పడిపోయినప్పుడు ఎవరూ షుగర్ చూడలేదు కాబట్టి ఖాయంగా చెప్పలేను. కానీ నా అనుమానం వడదెబ్బ మీద కాదు, లో షుగర్ మీద. భోజనానికి ముందు వేసే ఇన్సులిన్ ఆ పూట భోజనం కోసమే. మీరు ఏ రకం వాడుతున్నారో రాయలేదు. త్వరగా పనిచేసే రకమైతే గంట, రెండు గంటల్లో బలంగా పనిచేసి నాలుగైదు గంటల్లో అయిపోతుంది. మామూలు రెగ్యులర్ ఇన్సులిన్ అయితే రెండు నుంచి నాలుగు గంటల మధ్య దాని జోరు ఎక్కువ. ఏ రకమైనా, పొద్దున ఎక్కువ డోసు వేస్తే షుగర్ పడిపోయే ప్రమాదం పది, పదకొండు గంటల ప్రాంతంలోనే ఎక్కువ. పిల్ల అప్పుడు మైదానంలో పరుగెడుతుంటే కండరాలు రక్తంలోని గ్లూకోజ్‌ను ఇంకా లాగేసుకుంటాయి. ఆ తర్వాత అన్నం తినే వేళకు ఒంట్లో చాలినంత ఇన్సులిన్ ఉండదు. సాయంత్రం మీటర్‌లో 300 చూసి మీరు మర్నాడు ఇంకో యూనిట్ పెంచుతారు. డ్రిల్‌లో పడిపోవడానికీ, సాయంత్రం 300 దాటడానికీ కారణం బహుశా ఒకటే. మధ్యాహ్నం సూదిని తీసుకెళ్లి ఉదయంలో కలిపారు.

ఇది తప్పమ్మా. ఇన్సులిన్ డోసును తల్లిదండ్రులు రోజువారీగా సర్దుకోవడం మేమే నేర్పిస్తాం, దానికి అభ్యంతరం లేదు. కానీ నాలుగు సూదుల పద్ధతిని మూడు చేయడం సర్దుబాటు కాదు, వైద్యాన్నే మార్చడం. నాలుగు నెలలుగా మీ డాక్టర్‌కు ఒక్క ఫోన్ అయినా చేసి ఉండాల్సింది. ఎన్ని యూనిట్లు వేయాలో నేను ఇక్కడ రాయను. పాపను చూడకుండా, రీడింగులు చూడకుండా రాయకూడదు కూడా. స్కూల్లో సూది వేయడం నిజంగా కుదరకపోతే ఇన్సులిన్ రకం, భోజన వేళలు అన్నీ కలిపి వేరే పద్ధతి వేయగలిగింది మీ డాక్టరే.

ఇక ఆ ముప్పావు గంట. లో షుగర్‌కు వైద్యం అమ్మానాన్నలు వచ్చాక మొదలయ్యేది కాదు. పాప పక్కన ఎవరుంటే వారే, ఉన్నచోటే చేయాలి. కొన్నేళ్ల కిందట పదో తరగతి అబ్బాయిని ఫిట్స్‌తో మా దగ్గరకు తెచ్చారు. చివరి బెంచీలో తల వాల్చుకుని ఉంటే నిద్రపోతున్నాడని టీచర్ వదిలేశారట. సెలైన్ పెట్టడానికి నర్సు చొక్కా విప్పుతుంటే జేబులోంచి రెండు గ్లూకోజ్ పొట్లాలు కింద పడ్డాయి. రెండూ విప్పలేదు. క్లాసు జరుగుతుండగా తింటే అందరికీ తెలిసిపోతుందని బెల్లు కోసం ఆగానని తేరుకున్నాక చెప్పాడు. బెల్లుకు ఇరవై నిమిషాలే ఉందట. ఆ అబ్బాయి బాగానే ఉన్నాడు. కానీ మీ ప్రశ్నలో ‘ఎవరికీ చెప్పలేదు’ అన్న మాట చదవగానే ఆ పొట్లాలే గుర్తొచ్చాయి.

మీ పాప టీచర్లకు తెలియాల్సింది పెద్ద శాస్త్రమేమీ కాదు. చెమటలు పట్టడం, చేతులు వణకడం, ముఖం పాలిపోవడం, మాట తడబడటం, బోర్డు మీది లెక్క రాస్తూ రాస్తూ ఆగిపోయి శూన్యంలోకి చూడటం, కారణం లేకుండా ఏడుపో కోపమో రావడం, అన్నీ లో షుగర్ గుర్తులే. మీటర్ అందుబాటులో ఉంటే చూడాలి, 70 కంటే తక్కువ ఉంటే లో షుగర్. మీటర్ లేకపోతే వెతుకుతూ కూర్చోవద్దు, లో షుగర్ అనుకునే వైద్యం చేయాలి. మూడు టీ చెంచాల గ్లూకోజ్ పొడి గానీ చక్కెర గానీ అర గ్లాసు నీళ్లలో కలిపి తాగించాలి, అంటే సుమారు 15 గ్రాములు. పావు గంట తర్వాత మళ్లీ చూసి, ఇంకా 70 దాటకపోతే మరోసారి ఇవ్వాలి. తేరుకున్నాక, భోజనానికి ఇంకా టైము ఉంటే రెండు బిస్కెట్లు. స్పృహ లేకపోయినా, మింగలేకపోతున్నా, ఫిట్స్ వస్తున్నా నోట్లో ఏమీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే 108కి ఫోన్ చేయాలి. అలా ఉన్న పిల్లకు ఎట్టి పరిస్థితుల్లోనూ ఇన్సులిన్ వేయకూడదు. ఇంకో మాట పీఈటీ గారికి ప్రత్యేకంగా చెప్పండి. బాగోలేదన్న పాపను స్టాఫ్ రూముకో బాత్‌రూముకో ఒంటరిగా పంపకూడదు. దారిలోనే పడిపోవచ్చు.

ఆడపిల్ల కదా అని దాచామన్నారు. మీ భయం నాకు తెలుసు, నా ఓపీలో వారానికి ఒక్క తల్లైనా ఇదే మాట అంటుంది. ఊరంతా చాటమనడం లేదు. క్లాస్ టీచర్, పీఈటీ, మధ్యాహ్న భోజనం చూసుకునేవారు, పక్కన కూర్చునే ఒక స్నేహితురాలు, వీళ్లకు తెలిస్తే చాలు. తెలియకపోతే మీ పాపను చదువుమీద శ్రద్ధలేని పిల్లగా చూస్తారు. 300 ఉన్న రోజు పదేపదే బాత్‌రూముకు, నీళ్లకు లేస్తుంది. అడిగినప్పుడల్లా పంపాలని టీచర్‌కు తెలియకపోతే అల్లరి అనుకుని కూర్చోబెడతారు.

స్కూలు వారు సూదులు వద్దన్నారు కదా, వాళ్లకు ఇది చూపించండి. టైప్‌-1 ఉన్న పిల్లలను బడిలో షుగర్ చూసుకోనివ్వాలని, ఇన్సులిన్ వేసుకోనివ్వాలని, మధ్యలో ఏదైనా తిననివ్వాలని జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ 2023 మార్చిలో రాష్ట్రాలకు రాసింది. సీబీఎస్ఈ 2017లోనే బోర్డు పరీక్ష హాలులోకి చక్కెర బిళ్లలు, పండ్లు, నీళ్ల సీసా అనుమతించింది. మీది రాష్ట్ర సిలబస్ అయితే పదో తరగతికి వచ్చినప్పుడు డాక్టర్ సర్టిఫికెట్‌తో హెడ్‌మాస్టర్ ద్వారా ముందుగానే అనుమతి తీసుకోండి. హెడ్‌మాస్టర్లు చాలామంది మొండితనంతో వద్దనరు, ఏదైనా జరిగితే తమ మీదకు వస్తుందని భయపడతారు. మీ డాక్టర్ రాసిన ఒక పేజీ కాగితం, మీ సంతకం, రెండు ఫోన్ నంబర్లు ఇస్తే ఆ భయం చాలావరకు తగ్గుతుంది. ఇన్సులిన్ పెన్ను (పెన్నులా ఉండే సూది పరికరం) వాడుతుంటే దాని సూది ఎంత చిన్నదో ఒకసారి వారి ఎదుటే చూపించండి. పన్నెండేళ్ల పిల్ల సూది తానే వేసుకోగలదు, పక్కన ఒక పెద్దవారు నిలబడి డోసు సరిచూస్తే చాలు. వాడిన సూదిని మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో వేసి ఇంటికి తేవాలి.

వాడకంలో ఉన్న పెన్నుకు ఫ్రిజ్ అక్కర్లేదు. 30 డిగ్రీలు దాటనంత వరకు సుమారు నాలుగు వారాలు బయట ఉంచవచ్చు, మీరు వాడే రకానికి ఎన్ని రోజులో పెట్టె మీద చూడండి. పల్నాడు ఎండల్లో మాత్రం మార్చి నుంచి తడి గుడ్డ చుట్టిన చిన్న మట్టి కుండలో, లోపల తడి తగలకుండా పెట్టాలి. ఒంటిపూట బడులు మొదలైతే తినే వేళలన్నీ మారతాయి, ఆ వారం ముందే డాక్టర్‌తో మాట్లాడండి. పెన్ను కాక సీసా వాడుతుంటే సిరంజి చూసుకోండి. మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉండే సీసాకు ఎర్ర మూత సిరంజి, 100 యూనిట్లు ఉండే సీసాకు నారింజ మూతది. మందుల షాపులో ఏది ఇస్తే అది తెచ్చుకుంటే డోసు రెండింతలు దాటవచ్చు.

మీరు అడిగినవి. చిక్కీని భోజనంతో పాటు, దానికి తగ్గ ఇన్సులిన్ లెక్క ఉంటే తినవచ్చు, ఎంతన్నది డాక్టర్‌నో డైటీషియన్‌నో అడగండి. లో షుగర్‌కు మాత్రం చిక్కీ, చాక్లెట్ ఇవ్వవద్దు. వాటిలోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి చేరడం ఆలస్యమవుతుంది. మాత్రలకు మార్చడం కుదరదు. టైప్‌-1లో ఒంట్లో ఇన్సులిన్ తయారయ్యే కణాలే దెబ్బతింటాయి కాబట్టి ఇన్సులిన్ జీవితాంతం కావాలి. పైగా రజస్వల అయ్యే వయసులో డోసు అవసరం పెరుగుతుంది. ఆకు పొడి వద్దు. 1922లో టొరంటోలో ఒక 14 ఏళ్ల కుర్రాడికి తొలిసారి ఇన్సులిన్ ఇచ్చేవరకు ఈ జబ్బు వచ్చిన పిల్లలను ఏ పొడీ, ఏ పథ్యమూ నిలబెట్టలేకపోయాయి. పొడిని నమ్మి ఇన్సులిన్ తగ్గిస్తే పాప మళ్లీ వాంతులతో, ఆయాసంతో అత్యవసర వార్డుకే చేరుతుంది. 250 దాటి, వాంతులో కడుపు నొప్పో కూడా ఉంటే ఇంట్లో చూసుకోవద్దు, అదే పూట ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ఉదయం లేవగానే, పదకొండింటికి, మధ్యాహ్నం అన్నానికి ముందు, సాయంత్రం, పడుకునే ముందు మూడు రోజులు షుగర్ చూసి, మీటర్‌తో సహా ఈ వారంలోనే మీ డాక్టర్‌ను కలవండి. ఉదయం డోసు సంగతికి మాత్రం ఆ మూడు రోజులు కూడా ఆగవద్దు. ఈ రోజే ఆయనకు ఫోన్ చేసి, రేపు పొద్దున ఎంత వేయాలో అడగండి.