ఫ్యూజన్ ప్రాజెక్టుల్లో చిన్న వర్క్‌షాప్‌కు పని దొరుకుతుందా?

ఇరవై మందితో నడిచే మెషినింగ్ యూనిట్‌కు, ఫ్రాన్స్‌లో పలు దేశాలు కలిసి కడుతున్న ఐటర్ రియాక్టర్ లాంటి ఫ్యూజన్ (అణువుల కేంద్రకాలను కలిపి శక్తి తీసే) ప్రాజెక్టుల్లో ఆర్డర్ వస్తుందా అని అడిగారు. వస్తుందండీ. మాకు వచ్చింది. కాకపోతే ఐటర్ టెండర్ల పేజీ చూస్తూ కూర్చుంటే రాదు.

ఐటర్‌లో యూరోపియన్ యూనియన్, చైనా, భారత్, జపాన్, దక్షిణ కొరియా, రష్యా, అమెరికా భాగస్వాములు. తమ వాటాలో ఎక్కువ భాగం డబ్బుగా కాకుండా తయారుచేసిన పరికరాలుగానే ఇస్తారు. అందుకే పెద్ద కాంట్రాక్టులు చాలావరకు ఆయా భాగస్వాముల తరఫున పనిచేసే డొమెస్టిక్ ఏజెన్సీల నుంచి వెళ్తాయి: యూరప్‌కు బార్సిలోనాలోని ఫ్యూజన్ ఫర్ ఎనర్జీ, మనకు ఐటర్-ఇండియా. రియాక్టర్‌ను చుట్టి ఉండే 3,850 టన్నుల వాక్యూమ్ పాత్ర, క్రయోస్టాట్‌ను చేసింది ఎల్ అండ్ టీ. ఆ స్థాయిలో మనం పోటీ పడలేం. మన పని వాళ్ల కింద రెండో, మూడో అంచెలో ఉంటుంది. కాంట్రాక్టు ఎవరికి దక్కిందో చూసి, వాళ్ల కొనుగోలు విభాగం వెంట పడాలి.

మా మొదటి ఆర్డర్ స్టెయిన్‌లెస్ స్టీల్ ఫ్లాంజిలు, అంటే పైపులను బోల్టులతో కలిపే అంచులు. కొలతలన్నీ సరిగ్గానే వచ్చాయి. దొరికిపోయింది కూలెంట్ దగ్గర, అంటే కోతపెట్టేటప్పుడు చల్లబరచడానికి పోసే ద్రవం దగ్గర! వాక్యూమ్‌లో ఉండే భాగాలకు తగిలే ప్రతి ద్రవానికీ ముందుగా ఆమోదం ఉండాలి. మావాళ్లు రోజూ వాడే డబ్బానే పోసేశారు. లాట్ మొత్తం పక్కన పెట్టేశారు, రెండు నెలలు పోయాయి. అప్పుడు చాదస్తమనుకున్నాను. ఐటర్ థర్మల్ షీల్డ్ (వేడిని అడ్డుకునే కవచం) పైపుల్లో 2022లో బయటపడ్డ పగుళ్లకు మూలం తయారీలో మిగిలిపోయిన క్లోరైడ్ అవశేషాలని చదివాక నోరు మూసుకున్నాను.

ఇంకోటి, కోబాల్ట్. న్యూట్రాన్లు తగిలితే అది రేడియోధార్మికమైన కోబాల్ట్-60 అవుతుంది, కాబట్టి స్టీల్‌లో దానికి కచ్చితమైన పరిమితి పెడతారు. స్టీల్‌లో ఏమేం ఉన్నాయో చెప్పే మామూలు మిల్లు సర్టిఫికెట్‌లో ఆ అంకె చాలాసార్లు ఉండదు. సరుకు కొనకముందే అడగండి, కొన్నాక ఎవరూ పట్టించుకోరు.

కాగితాల పనికి కొటేషన్‌లో విడిగా ధర వేయండి. రెండోసారి మేమలా వేస్తే ఎవరూ బేరమాడలేదు. మొదటిసారి వేయక, వచ్చిన లాభమంతా ఫైళ్లకే పోయింది.

దీన్ని నమ్ముకుని అప్పు చేసి కొత్త మెషిన్ మాత్రం కొనకండి. 2024లో ప్రకటించిన షెడ్యూల్‌లో ఐటర్ పరిశోధన దశ మొదలయ్యేది 2034లో. ఇలాంటి ప్రాజెక్టుల్లో తేదీలు వెనక్కి జరుగుతూనే ఉంటాయి, వాటితోపాటే మన బిల్లులూ. మేము పెట్టుబడి పెట్టింది హీలియం వాయువుతో సన్నటి లీకులు పట్టే హీలియం లీక్ టెస్ట్ బెంచ్ మీద ఒక్కటే. ఆ డబ్బు కూడా తిరిగొచ్చింది ఫ్యూజన్ నుంచి కాదు, వాక్యూమ్ ఫర్నేసులు చేసేవాళ్ల ఆర్డర్ల నుంచి.